పేరయ్య గడపకొచ్చిన తాఖీదు

సింగమ్మ ఇల్లు మునసబు పేరయ్య చేతికి పోయి మూడేళ్లయింది. సరిహద్దుల్లో సిపాయిగా ఉన్న ఆమె కొడుక్కి ఆ సంగతి తెలియదు. వాడు ఏ కోటలో ఉన్నాడో ఈమెకూ తెలియదు. వాడు తల్లి పేరున రాసే ఉత్తరాలూ, పంపే శాలువలూ పాత ఇంటికే పోయేవి. అడగబోతే పేరయ్య, "నా గడప లోపలికొచ్చింది ఏదైనా నాదే," అని కసిరేవాడు.

కొడుకు బతికున్నాడో లేడోనని కుమిలిన సింగమ్మ, ఒకనాడు కాలువ పూడిక తీసే వెట్టికి తనంతట తానే పేరు రాయించుకుంది. ఇల్లెక్కడంటే పాత ఇల్లే చెప్పింది.

వారం తిరక్కుండా రాజభటుడు వెట్టికి రమ్మన్న తాఖీదు తెచ్చి పేరయ్య చేతికిచ్చాడు. చదివి ఆయన అదిరిపడ్డాడు.

"ఇది నాది కాదయ్యా! సింగమ్మ పేరు కనబడ్డంలేదూ?"

గుమ్మం ముందే కాచుకున్న సింగమ్మ చేతులు జోడించింది.

"చిత్తం మునసబుగారూ. పేరున్నవాళ్లదే అయితే, నా పేరున వచ్చిన మిగతావీ ఇప్పించండి. కాదూ, గడప లోపలికొచ్చింది మీదేనంటే, పార మీరే పట్టండి."

భటుడు పేరయ్య వైపు చూశాడు. పేరయ్య ఉత్తరాల కట్ట తెచ్చిచ్చి, భుజం మీది శాలువ కూడా తీసిచ్చాడు.

మర్నాడు కాలువ గట్టున సింగమ్మ పార పక్కన పెట్టి, అన్నిటికన్నా కొత్త ఉత్తరం భటుడిచేత చదివించుకుంది.

"అమ్మా, ఒక్క జవాబూ రాయించవేం? అసలు నువ్వా ఇంట్లోనే ఉన్నావా?"