మైదుకూరు తర్వాత ఏ ఊరు?

"ఆమెను గ్రూపులోనుంచి తీసేస్తా సార్. మీరు ఊ అంటే చాలు."

ఆదివారం పొద్దున్నే మెట్లెక్కి వచ్చిన ఓబులేశు, చెప్పులైనా సరిగ్గా విడవకుండా అన్న మొదటి మాట ఇది.

దస్తగిరి సార్ అప్పుడే రెండు గ్లాసుల టీ తెచ్చి కిటికీలో పెడుతున్నారు. నంద్యాల పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు ఫోన్లో ఒక గ్రూపు నడుపుతున్నారు. పైతాన్ అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాములు రాసుకునేవాళ్లు ఎక్కడ చిక్కుకుపోయినా అందులో అడుగుతారు, తెలిసినవాళ్లు చెబుతారు. అంతే, అందులో ఫీజూ లేదు, పెద్దా చిన్నా లేదు.

ఓబులేశు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఇవాళ గ్రూపులో అందరికంటే ముందు జవాబిచ్చేది అతనే. అవతలివాళ్లు ఇంకా టైపు చేస్తుండగానే ఓబులేశు జవాబు వచ్చి పడుతుందని పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

మాటల్లోనూ అంతే పాపం. ఎదుటివాళ్లు సగం అనేలోపు మిగతా సగం తనే అనేస్తాడు.

"ఎవరప్పా ఆమె? ఏం..."

"ఏం చేసిందనే కదా సార్? చెప్తా వినండి."

సార్ నవ్వి కుర్చీ లాక్కున్నారు.

"ఆళ్లగడ్డ నుంచి సుభాషిణి అని ఉంది కదా సార్, స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఆమె. పిల్లలతోపాటు తనూ పైతాన్ నేర్చుకుంది. ఏదో బస్సు రూటు ప్రోగ్రాము రాసింది. నంద్యాల తర్వాత ఏ ఊరు అని అడుగుతాది, కాసేపటికి శిరివెళ్ల అని అదే చెప్తాది. మళ్లీ శిరివెళ్ల తర్వాత ఏ ఊరు అంటాది. అట్లా మైదుకూరు దాకా. ఉన్నదే ఆరు ఊర్లు. మైదుకూరు తర్వాత కూడా ఇంకోటి అడుగుతాది. లేని ఊరిని ఎక్కణ్ణుంచి తెస్తాది? తప్పుందని తెర మీద ఎర్రక్షరాలు పడతాయి."

"అవి ఎందుకు పడుతున్నాయని అడిగిందా?"

"అదే అడిగింది. నేను ఆ తప్పొక్కటే కాదు సార్, మొత్తం తిరగరాసి ఇచ్చినా. ఆ చాంతాడంత కోడ్ నాలుగు లైన్లయింది! అద్దం మాదిరి ఉంది. చాలా థాంక్స్ బాబూ అనింది. నిన్న చూస్తే మళ్లీ ఆ పాతదే పెట్టి మళ్లీ అదే అడుగుతాంది. నేనిచ్చింది తెరిచి కూడా చూళ్లేదు. అందరూ చూస్తాండారు సార్. ఒకడైతే నవ్వే బొమ్మ కూడా పెట్టినాడు."

అసలు నొప్పి ఎక్కడుందో సార్‌కు అర్థమైంది. ల్యాప్‌టాప్ అతని వైపు జరిపారు.

"నీది ఒకసారి నడుపప్పా."

ఓబులేశు ఎంటర్ నొక్కాడు. రెప్ప కొట్టేలోపు ఊర్లన్నీ గబగబా తెర మీద పడిపోయాయి. మైదుకూరుతో ఆగింది. ఒక్క ఎర్రక్షరం లేదు.

"చూసినారా సార్!"

"బాగుంది. ఇప్పుడు ఆమెది."

ఓబులేశు అయిష్టంగానే నొక్కాడు. 'నంద్యాల తర్వాత ఏ ఊరు?' అని పడింది. పడి, ఆగిపోయింది. గీత ఒకటి మిణుకు మిణుకుమంటూ ఉంది. ఓబులేశు కాలు ఊపడం మొదలుపెట్టాడు.

"ఇదే సార్ గోల. ప్రతి ఊరి దగ్గరా నలభై సెకన్లు ఊరికే నిలబడమని రాసుకుంది. పనికిమాలిన లైను. నేను మొదట పీకేసింది దాన్నే."

చాలాసేపటికి 'శిరివెళ్ల' అని పడింది.

"ఎందుకు నిలబడమనిందో..."

"తెలీక సార్. కొత్తోళ్లు అట్లనే రాస్తారు."

"అడిగినావా?"



సార్ ఫోన్ తీసి ఆమెకే వీడియో కాల్ చేశారు. సుభాషిణి చేతులు కొంగుకు తుడుచుకుంటూ కనిపించింది. సార్‌ను చూసి నమస్కారం పెట్టింది. పక్కన ఓబులేశును చూడగానే మొహం చిన్నబోయింది.

"ఓబులేశు బాబూ, తప్పుగా అనుకోవద్దు. మీరంత కష్టపడి రాసిచ్చినారు, మాకు కుదరలేదని ఎట్లా అనేది? ఇంకెవరన్నా చెప్తారేమోనని మళ్లీ పెట్టినా."

"కుదరలేదా? నడవలేదా మేడం?"

"శానా బాగా నడిచింది బాబూ. మా నాయనే అందుకోలేకపోయినాడు. ఉండండి, చూపిస్తా."

ఫోన్ తిప్పింది. కంప్యూటరు ముందు కుర్చీలో ఒక పెద్దాయన. కుడి చెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని ఉన్నాడు, ఇంట్లోనే.

సుభాషిణి గొంతు తగ్గించింది. "ఈ రూట్లోనే కండక్టరుగా చేసినాడు బాబూ. మొన్న ఉగాది తర్వాత పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మాటలు లోపలే ఉండాయంట, వెతుక్కునేదానికి టైమియ్యండి అన్నాడు డాక్టరు. మేం మనుషులం, ఆగలేం కదా. ఆయన నోరు తెరవగానే నీళ్లా, అన్నమా అని మేమే అనేస్తాం. ఆయన మూసుకుంటాడు. కంప్యూటరైతే ఆగుతాది కదా అని..."

ఓబులేశు కాలు ఊపడం ఆగింది.

ప్రోగ్రాము అప్పటికే నడుస్తోంది, తెర మీద 'ఆళ్లగడ్డ తర్వాత ఏ ఊరు?' అని ఉంది. పెద్దాయన దాన్నే చూస్తున్నాడు. పెదాలు కదిలాయి.

"చా..."

ఓబులేశు నోరు దానంతటదే తెరుచుకుంది. దస్తగిరి సార్ అతని మణికట్టు మీద చెయ్యి వేశారు. గట్టిగా ఏం కాదు. వేసి, అట్లాగే ఉంచారు.

అక్కడ ఎక్కడో కుక్కరు విజిలేసింది. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి. ఆ దారంతా మళ్లీ బస్సులో నిలబడి వెళ్తున్నట్టు ఒళ్లు చిన్నగా ఊగింది.

"చా... గల... మర్రి."

ఆ తర్వాతే తెర మీద 'చాగలమర్రి' అని పడింది. పెద్దాయన కూతురి వైపు తిరిగి, నేను ముందే చెప్పలేదా అన్నట్టు తలెగరేశాడు.

ఆయన నోట దువ్వూరు వచ్చింది. మైదుకూరూ వచ్చింది. మైదుకూరైతే కాస్త తొందరగానే వచ్చింది.

'మైదుకూరు తర్వాత ఏ ఊరు?'

పెద్దాయన వెతుక్కున్నాడు. నొసలు ముడిచి, లోపల ప్రతి మూలా వెతుక్కున్నాడు. ఆ రూట్లో లేని ఊరు దొరకడానికెక్కడుంది? అంతలో తెర నిండా ఎర్రక్షరాలు పడ్డాయి. ఆయన ఉలిక్కిపడి తల దించుకున్నాడు.

"ఇదే బాబూ. తను తప్పు చెప్పినందుకే ఎర్రగా రాసిందనుకుంటాడు. ఇంక ఆ పొద్దంతా నోరు తెరవడు."



"అక్కా," అన్నాడు ఓబులేశు. అంతదాకా ఆమె అతనికి మేడమే. "ఆ చివరి ప్రశ్నొక్కటి తీసేయండి. పైన ఏదీ ముట్టుకోవద్దు. మీరు రాసింది రాసినట్టే ఉండనీండి. మైదుకూరు వచ్చినాక తెర మీద ఏం పడాలక్కా?"

"ఏమో బాబూ. మీరే ఏదో ఒకటి చెప్పండి."

చెప్పడానికి ఓబులేశు నాలుకమీద నాలుగు మాటలున్నాయి.

"నాయన్ని అడగండి," అన్నాడు.

సుభాషిణి వంగి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "నాయనా, బస్సు మైదుకూరు చేరింది. ఇప్పుడేమంటావు?"

ఆయన తల లేవలేదు. ఈ గదిలో ఇద్దరు, ఆ గదిలో ఒకామె, ముగ్గురూ ఆయన కోసం ఆగి ఉన్నారు. దస్తగిరి సార్ చెయ్యి ఓబులేశు మణికట్టు మీదనుంచి ఎప్పుడో తీసేశారు. అతనది గమనించనే లేదు.

పెద్దాయన ఎడం చెయ్యి మెల్లగా లేచింది. చంకలో లేని బ్యాగును సర్దుకుంది.

"ది... దిగండి."

"నాయనా!"

ఆయన వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. అయిపోలేదు ఇంకా.

"మెల్లగా... దిగండమ్మా. పి... పిల్లలు... జాగ్రత్త."

ఫోన్ అటూ ఇటూ ఊగింది. కాసేపు తిరిగే ఫ్యాను తప్ప ఏం కనిపించలేదు. ఎవరో ముక్కు చీదుకుంటున్న చప్పుడు.

"అట్లనే రాయండక్కా," అన్నాడు ఓబులేశు. "ఆయన అన్నట్టే."

కాల్ అయిపోయింది. గ్రూపులో ఎవరో ప్రశ్న పెట్టినట్టున్నారు, ఓబులేశు జేబులో ఫోన్ రెండుసార్లు టింగుమంది. అతను తీయలేదు.

సార్ కిటికీలోకి చూస్తూ మొదలుపెట్టారు.

"ఓబులేశూ, నేననేదేందంటే..."

ఆగారు. ఓబులేశు పెదాలు కదలబోయి, మూసుకున్నాయి.

కింద వీధిలో అంగడివాడు షట్టరు ఎత్తుతున్నాడు. అది సగంలో ఇరుక్కుంది. తిట్టుకుంటూ దించాడు, మళ్లీ ఎత్తాడు. సార్ అదంతా చూస్తూనే ఉన్నారు. ఓబులేశు సార్ మొహం చూస్తూ కూర్చున్నాడు.

షట్టరు పైకి వెళ్లింది.

"టీ చల్లారిపోయిందప్పా," అన్నారు సార్. "వేడి చేసుకొస్తా."