ఓబులమ్మ చెప్పిన ఇరుసు

అనగా అనగా, ఎడ్లబండి తప్ప వేరే బండి ఎరగని రోజుల్లో, ఎగువమిట్ట అనే కొండ ఊళ్లో ఓబులమ్మ అనే ముసలామె ఉండేది. ఊరి బండ్ల ఇరుసులకు కందెన రాయడం ఆమె పని. ఆముదం, మసి కలిపి రాసీ రాసీ చేతులు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. ఆమెకున్న ఆస్తల్లా ఒక్క చూడిమేక.

ఓ ఏడాది వానలు మొండికేశాయి. మేత కొండ దిగువన, ఏటి ఒడ్డునే మిగిలింది. మేకలు నడవలేనంత చిక్కిపోయాయి. బండిలోనే దించాలి. దిగుడేమో నిట్టనిలువు. బండి పట్టు తప్పిందా, ఊరి మేకలన్నీ లోయలోకే!

ఊరిపెద్ద బసివిరెడ్డి కొత్త బండి చేయించాడు. టేకు ఇరుసు. ఎడమ చక్రాన్ని ఒరుసుకుని ఆపే అడ్డుకర్ర. వడ్ల మూటలు వేసి దించారు. చక్కగా దిగింది. ఓబులమ్మ తల అడ్డంగా ఊపింది. ఉప్పు బస్తాలు వేసి దించారు. చక్కగా దిగింది. ఓబులమ్మ తల అడ్డంగా ఊపింది. బండరాళ్లు వేసి దించారు. అప్పుడూ చక్కగా దిగింది. అప్పుడూ ఓబులమ్మ తల అడ్డంగానే ఊపింది.

రెడ్డికి ఒళ్లు మండింది. "ఏమ్మే, ఇంకేం కావాల నీకు?"

"సామీ, మూటలకు కాళ్లుండవు. మేకలకు తలా నాలుగుండాయి. బండి వంగితే అన్నీ ముందుకే ఉరుకుతాయి. నువ్వే ఓ తూరి మేకవై ఎక్కి చూడు."

ఊరంతా పక్కున నవ్వింది. రెడ్డికి పౌరుషం పొడుచుకొచ్చింది. బొద్దుగా ఉండే ముగ్గురు బావమరుదుల్ని వెంటేసుకుని బండెక్కి, మోకాళ్ల మీద వంగాడు. "మే" అని కూడా అరిచాడు.

దిగుడు మొదలయ్యీ కాకముందే నలుగురూ ముందుకు జారి ఒకరి మీద ఒకరు పడ్డారు. టేకు ఇరుసు ఫటుక్కుమంది. అడ్డుకర్ర ఒక్క చక్రాన్నే పట్టేసరికి బండి గిర్రున తిరిగి తంగేడు పొదల్లో కూలబడింది. ఎడ్లు తాళ్లు తెంచుకుని, నిక్షేపంగా నిలబడి చూశాయి.

రెడ్డి తలపాగా వెతుక్కుంటూ లేచాడు. "నువ్వే చెప్పు ఓబులమ్మా, ఏ ఇరుసు వేద్దాం?"

అంతవరకూ ఆమెను ఎవరూ సలహా అడిగి ఎరగరు. ఆమెకు కళ్లు చెమర్చాయి.

"చండ్రకర్ర ఇరుసు సామీ, టేకు కంటే గట్టిది. అడ్డుకర్రలు రెండు చక్రాలకూ కట్టించు. లోపల తడికెలు పెట్టి మూడు అరలు చేయించు, మేకలన్నీ ఒకే పక్కకు ఉరక్కుండా."

అలాగే చేయించి, రెడ్డి మళ్లీ తనే ఎక్కి దిగాడు. ఆ తర్వాతే మేకలు ఎక్కాయి. మూడు రోజుల్లో అన్నీ ఏటి ఒడ్డు చేరాయి. ఓబులమ్మ మేక అక్కడే రెండు పిల్లల్ని ఈనింది.

ఆమె పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ లెక్క లేదు. ఇప్పుడు ఎడ్ల బదులు ట్రాక్టర్లు. అయినా ఎగువమిట్టలో మేకల కోసం ట్రాలీ కొనాలంటే కాగితం మీది మాట ఎవరూ నమ్మరు. అమ్మేవాణ్నే ఎక్కించి కొండ దించుతారు. దానికి ఓబులమ్మ పరీక్ష అని పేరు. ఇస్త్రీ చొక్కాతో మోకాళ్ల మీద వంగి వాడు "మే" అంటేనే బేరం కుదురుతుంది.

పోయినేడు వచ్చినవాడు సగం దిగుడులోనే, "ఆపండయ్యా, ఇంకో ఇరుసు తెస్తాను!" అని అరిచాడట.