తెర మీది పేరు

శోభనాద్రి మాస్టారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కారు. కాసేపు కిటికీలోంచి సముద్రం వైపు చూసేవారు. కాకినాడలో ఆయన చేపల బోట్లకు దారి చూపే సాఫ్ట్‌వేర్ తయారు చేసేవారు. మేం నలుగురం ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్లం.

ఒకనాడు మాలో హిమజ అడిగింది: "మాస్టారూ, బోట్లకు పంపే ప్రతి ఫైలు మీదా మన డిజిటల్ సంతకం ఉండాలి, సరే. ఆ సంతకం పెట్టే తాళంచెవిని పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో వేసుకుని మీరు జేబులో తిప్పడం ఎందుకు? సర్వర్లో ఉంచితే ఫైలు తయారైన మరుక్షణం సంతకం దానంతటదే పడుతుంది. మీరు ఊళ్లో లేరని మొన్నటి పటం ఫైలు నాలుగు రోజులు ఆగిపోయింది."

మాస్టారు కిటికీ దగ్గర నుంచి కదలకుండానే, జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

పన్నెండేళ్ల కిందట ఆ తాళంచెవి సర్వర్లోనే ఉండేదట. ఏ ఫైలు తయారైనా సంతకం పడిపోయేది. ఆ ఏడు పుష్యమాసంలో, పరీక్ష కోసం చేసిన ఒక పటం, ఇంకా ఎవరూ సరిచూడనిది, సంతకంతో సహా బోట్లకు వెళ్లిపోయింది. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట ఉన్న చోట అది లోతు నీళ్లు చూపించింది.

మల్లాడి సత్తెయ్య అనే బోటు నడిపే సరంగు పొద్దున్నే వేట నుంచి తిరిగి వస్తున్నాడు. మంచులో ఆకాశమేదో నీళ్లేవో తెలియడం లేదు. తన ఇంజను చప్పుడే ఎవరిదో దూరపు బోటుదిలా వినిపిస్తోంది. ముందు నిలబడ్డ బావమరిది నాగూరు ఉన్నట్టుండి అరిచాడు: "బావా, నీళ్ల రంగు మారింది. తిప్పెయ్!"

సత్తెయ్య బోటులో దారి చూపే తెర వైపు చూశాడు. కొత్త పటం. కింద మాస్టారి సంస్థ పేరు, దాని పక్కన సంతకం సరైనదని చెప్పే ఆకుపచ్చ టిక్కు. తిప్పలేదు.

బోటు మేటను గుద్దుకుంది. నాగూరు నీళ్లలో పడ్డాడు. పిలిస్తే పలుకుతున్నాడు గానీ, ఆ పలుకు మంచులో అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టుంది. మంచు విడేదాకా, రెండు గంటలపాటు, బావా బావమరుదులు ఒకరినొకరు పిలుచుకుంటూనే ఉన్నారు. చివరికి నాగూరు ఖాళీ డబ్బా ఒకటి వాటేసుకుని కనిపించాడు. ప్రాణం దక్కింది. బోటు అంచున నలిగిన కాలు మాత్రం తీసెయ్యాల్సి వచ్చింది.

మాస్టారు తిట్లు తినడానికి సిద్ధపడే ఆసుపత్రికి వెళ్లారు. సత్తెయ్య తిట్టలేదు. తప్పు తనదే అన్నట్టు తల వంచుకున్నాడు.

"రంగు మారడం నేనూ చూశానండి. మీ పేరు ఉందని నా కళ్లను నమ్మలేదు."

హిమజ మెల్లగా అడిగింది: "అయితే అది దొంగ సంతకమా మాస్టారూ? ఎవరైనా తాళంచెవి కాజేసి పెట్టారా?"

"లేదమ్మా. ఎన్నిసార్లు పరీక్షించినా సంతకం సరైనదనే వచ్చింది," అన్నారు మాస్టారు. "పెట్టిన మనిషి ఎవరని వెతికితే మాత్రం, ఎవరూ లేరు."