నలభై ఒకటో పేజీలో నెమలీక

ఒక ఊళ్లో ఒక చదువరి ఉండేది. ఊరి గ్రంథాలయానికి వచ్చే ప్రతి కొత్త పుస్తకాన్నీ ముందు ఆమె చదవాలి. చివరిదాకా చదివి, నమ్మకం సడలిన చోట నెమలీక పెట్టాలన్నది ఆచారం. నెమలీక లేని పుస్తకం పై అరకు వెళ్తుంది. ఉన్నది నేలబారు అరకు పోతుంది. దాన్ని అందుకోవాలంటే చతికిలబడాలి కాబట్టి ఎవరూ అందుకోరు.

ఆమె నెమలీక అంటే రచయితలకు హడలు. ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసి గర్వపడేది. ఈ కాలపు నవలల్లో అందరూ కిటికీ దగ్గర నిలబడి బాధపడతారు, అన్నం మాత్రం ఎవరూ వండరు అనేది. ఆత్మకథల్లో ఊరంతా కఠినులు, రాసినవాడొక్కడే వెన్న అనేది. కాదనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు, ఎందుకంటే చాలాసార్లు అది నిజమే.

ఒకసారి ఒకతను తన ఆత్మకథ తెచ్చాడు. వారం తిరక్కుండానే నలభై ఒకటో పేజీలో నెమలీక పడింది. గొడవపడి ఇల్లు విడిచిపోతున్న అన్న కాళ్లు పట్టుకుని బతిమాలానని ఆ పేజీలో రాసుకున్నాడు.

"అమ్మా, అది నా బతుకు. నమ్మలేమని మీరెలా అంటారు?"

"నీ బతుకు కాదనలేదు నాయనా. జరిగినప్పుడు నువ్వింత మంచివాడివి కావంటున్నాను."

అతని ముఖం పాలిపోయింది. మా అన్న ఈ ఊళ్లోనే ఉన్నాడు, నాతో మాట్లాడడు, పై అర పుస్తకాలు తప్ప ముట్టడు, ఆయన చదవాలనే రాశాను అన్నాడు. చదువరి జాలిపడింది కానీ నెమలీక తియ్యలేదు. జాలికి లొంగితే తీర్పుకి విలువేముంది?

ఆమె ఆ పనిలో చేరి ఇరవై ఏళ్లు నిండాయి. మీ ఆత్మకథ కూడా రాయండని ఊరు కోరింది. రాసింది, బాగానే రాసింది. చదవక్కర్లేదు, నేరుగా పై అరలో పెడదామన్నారు పెద్దలు. ఆమె ఒప్పుకోలేదు. తన పుస్తకానికైనా అదే ఆచారమని, ఒక ఉదయం తనే చదవడానికి కూర్చుంది.

తొమ్మిదో పేజీలో ఒక వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. 'ఏ పుస్తకాన్నైనా చివరిదాకా చదివాకే తీర్పు చెప్పాను.' తొలి ఏళ్లలో అలాగే చదివింది. తర్వాత తర్వాత నెమలీక పెట్టాక పేజీ తిప్పడం మానేసింది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలియదా అనుకునేది.

ఆమెకు సిగ్గేసింది. అయినా ఆ పేజీలో నెమలీక పెట్టింది. ఈ అబద్ధాన్ని పట్టుకోగలవాళ్లు ఊళ్లో తను తప్ప ఎవరూ లేరన్న గర్వం ఆ సిగ్గులోనూ కాస్త మిగిలింది.

అప్పుడు లేచి వెళ్లి, నేలబారు అర ముందు చతికిలబడి, అన్న కోసం ఆత్మకథ రాసినతని పుస్తకం తీసింది. దుమ్ము దులిపి నలభై ఒకటో పేజీ తిప్పి, అవతలి పేజీ చదివింది.

'వెనక పేజీలో రాసింది నేను ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకున్నది. కాళ్లు పట్టుకోలేదు. అన్న గడప దాటగానే తలుపు గడియ వేసింది నేనే.'

ఆమె నేల మీదే కూర్చుని సాయంత్రానికి పుస్తకం పూర్తి చేసింది. తన చూపు తప్పలేదు, అబద్ధం సరిగ్గా ఆ పేజీలోనే ఉంది. ఒక్క పేజీ ముందు ఆగింది, అంతే. ఆ ఒక్క పేజీకి ఇద్దరు అన్నదమ్ములు కలవకుండా ఆగిపోయారు.

అతని పుస్తకాన్ని పై అరలో పెట్టింది. కింద ఖాళీ అయిన చోట తన పుస్తకం పెట్టింది. పెద్దలు వద్దని వారించారు. నెమలీక ఎక్కడ పెట్టాలో నాకు మీరు నేర్పుతారా అని తలెత్తి అడిగింది. 

మర్నాడు అన్నగారు వచ్చారు. పై అర మీద తమ్ముడి పేరు చూసి ముఖం ముడుచుకున్నారు. వెళ్లబోయి, మళ్లీ వెనక్కి వచ్చి పుస్తకం అందుకున్నారు. ఇరవై ఏళ్లలో పుస్తకం తీసుకెళ్లేవాళ్లకి ఒక్క మాటా చెప్పని చదువరి, ఆ రోజు గుమ్మం దాకా వెంట నడిచింది.

"నలభై ఒకటో పేజీ దగ్గర మీకు కోపం వస్తుంది. నాకూ వచ్చింది. అక్కడ ఆగకండి."