పాలపిట్ట బొమ్మలో నక్క

రైళ్ళింకా రాని రోజుల్లో పాపికొండల పక్క అడవిలో ఒక బొమ్మల దొర డేరా వేశాడు. పిట్టలంటే ఆయనకి ప్రాణం. అంత ప్రాణం కాబట్టే కనబడిన పిట్టనల్లా తుపాకీతో కాల్చి, పొట్టలో పత్తి కుక్కి, కాళ్ళకి తీగ కట్టి, కొమ్మ మీద నిలబెట్టి, అప్పుడు తీరిగ్గా బొమ్మ గీసేవాడు. బతికున్న పిట్ట కదులుతుంది కదండీ, అదొక చికాకు!

ఒలిచాక మిగిలిన మాంసం డేరా వెనక పారేసేవాడు. దానికి ఒక నక్క అలవాటు పడింది. తిని ఊరుకుంటే నక్క ఎందుకవుతుంది? పిట్టలకి మాయమాటలు చెప్పి డేరా ముందున్న బండ మీదికి పంపే పని కూడా నెత్తినేసుకుంది.

ఒక పొద్దున పాలపిట్ట ఉండే చెట్టు కిందికొచ్చింది.

"ఏమే పిల్లా, ఇంత నీలం రెక్కలు పెట్టుకుని ఈ తొర్రలోనే ముసలిదానివైపోతావా? దొర పుస్తకంలో కూర్చున్నావంటే నీకిక చావే లేదు."

"ఆ ఠప్పు ఠప్పు చప్పుళ్ళేంటి మామా?"

"మర్యాదే! పెద్దవాళ్ళొస్తే బాణాసంచా కాల్చరూ?"

"మొన్న వెళ్ళిన వంగపండు పిట్ట తిరిగి రాలేదే?"

"పేరొచ్చాక మనమెక్కడ గుర్తుంటామే పిచ్చిదానా!"

"మరి నా పిల్లలో?"

"నేను లేనూ చూసుకోడానికి?"

ఆ మాటకి పాలపిట్ట తొర్రకి అడ్డంగా జరిగింది. తొర్రలో రెక్కలు రాని పిల్లలు మూడు. తను పోతే వాటి నోట్లో పురుగు పెట్టే దిక్కు లేదు.

"రేపొస్తాలే మామా" అని నక్కని సాగనంపి, డేరా పక్క చెట్టెక్కి తొంగి చూసింది. వంగపండు పిట్ట అక్కడే ఉంది. కళ్ళున్న చోట దూది ఉంది. పాలపిట్టకి ఏడుపొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది.

లోపల దొర వంటవాడి మీద విసుక్కుంటున్నాడు. "ఎన్ని గీసినా ఒక కొమ్మా, ఒక పిట్టా! ఈసారి పక్కన ఏదో ఒక జంతువుండాలయ్యా వీరాస్వామీ. లేకపోతే నా పుస్తకం ఎవడు చూస్తాడు?"

మర్నాడు నక్క రాగానే పాలపిట్ట సిగ్గుపడుతూ అంది. "ఒక్కదాన్నే అంటే భయం మామా. ముందు నువ్వు బండ మీద నిలబడు, పక్కన నేను వాలతా."

"నేనెందుకే మధ్యలో?"

"బాగుంది! ఇంతమందిని పుస్తకానికెక్కించిన పెద్దమనిషివి, ఓ మూలనైనా నీ బొమ్మ లేకపోతే మాకు తలవంపులు కాదూ? అంత కుచ్చుతోక ఈ అడవిలో ఇంకెవరికుంది?"

నక్క వెనక్కి తిరిగి తోక చూసుకుంది. నిజమే అనిపించింది. తుపాకీ సంగతి తెలియనిది కాదు. కానీ ఇన్నాళ్ళలో దొర పిట్టని తప్ప దేన్నీ కాల్చలేదు. పిట్టల పిచ్చివాడు నా జోలికెందుకొస్తాడులే అనుకుని దర్జాగా బండెక్కింది.

"రావే, ఇంకా సింగారం అవలేదా?"

"ఇదిగో వస్తున్నా. కాస్త తోక పైకెత్తు మామా, అందంగా ఉంటుంది."

ఎత్తింది. ఠప్! పాలపిట్ట అప్పటికే పిల్లల దగ్గరికి ఎగిరిపోయింది.

నక్క పొట్టలోకి రెండు దిండ్ల పత్తి పట్టింది. చేతికి చిక్కకుండా కళ్ళముందే ఎగిరిపోయిన పాలపిట్టని దొర గుర్తున్నంతలో గీసి, రెక్కకి లేని పసుపు పూశాడు. ఆయన పోయాక పుస్తకం అద్దాల బీరువాలోకెక్కింది. ఆ పసుపు రెక్కల పాలపిట్ట కోసం పండితులు మూడు తరాలు అడవులు గాలించారు. దొరగారి పక్షిప్రేమ మీద ఉపన్యాసాలిచ్చి కళ్ళు తుడుచుకున్నారు. నక్క కూడా తోకెత్తుకుని ఆ బొమ్మలో ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది. కింద పేరు మాత్రం పాలపిట్టదొక్కటే రాశారు.

నీతి: పక్కవాళ్ళని సాగనంపే చోటికి పోయే వంతు తనకి రాదనుకునేవాడు అక్కడికి తన కాళ్ళతో తనే నడిచి వెళ్తాడు.