నూనె ఒలికిన మెట్టు

అనగనగా, మన ఊళ్ళకూ మన రోజులకూ చాలా దూరాన, ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటల మధ్య వాల్మోర్ అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలేవాణ్ణి డ్యూకు అనేవారు. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు, తరతరాలుగా ఒకే వంశం ఏలుతూ వచ్చింది. ఆ వంశంలో పుట్టిన రెనో డ్యూకు ఒకనాడు వేటలో గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. అప్పటికి ఆయనకు బిడ్డలు లేరు. భార్య అలీసు మాత్రం గర్భవతి.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ ఆలూ ఉంది, చూలూ ఉంది, పుట్టేది కొడుకో కూతురో తెలియదు. మగబిడ్డ పుడితే వాడే డ్యూకు. ఆడపిల్ల పుట్టినా, బిడ్డ దక్కకపోయినా, పీఠం రెనో తమ్ముడు తియెరీది. అంతవరకు రాజ్యాన్నీ వదిననూ కాపాడవలసినవాడు కూడా ఆ తియెరీయే. పాలకుండకు పిల్లిని కాపలా పెట్టారన్నమాట.

తియెరీ చెడ్డవాడు కాడు. అన్న పోయినందుకు నిజంగానే ఏడ్చాడు. కానీ పీఠం మీద ఆశ లేదంటే అది అబద్ధం. అన్నం సయించలేదు, కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు. కాలు కాలిన పిల్లిలా సభామందిరంలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగేవాడు.

ఒకనాడు ఖాళీ పీఠం మీద ఒక బొంతకాకి వాలింది.

"రాజముద్ర ఉంగరం నీ దగ్గరే ఉందిగా. ఒక్కసారి వేలికి పెట్టుకుంటే అరిగిపోతుందా?" అంది.

తియెరీ పెట్టుకున్నాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది. అదే అతన్ని భయపెట్టింది. వెంటనే అలీసు ఉండే బురుజుకు పరుగెత్తి, ఉంగరం ఆమెకిచ్చేశాడు. ఆమె తలుపు జానెడే తెరిచి, అనుమానంగా చూస్తూ అందుకుంది.

తర్వాత బెర్ట్రాన్ అనే ద్రాక్షసారా వర్తకుడు వచ్చాడు. బురుజు చుట్టూ తన మనుషులను కాపలా ఉంచుతానన్నాడు. పుట్టిన బిడ్డ ఏమైనా, ఎవరూ ఏమీ అడగరన్నాడు. తియెరీ వద్దనలేదు, ఆలోచించి చెబుతానన్నాడు. బెర్ట్రాన్ గుమ్మం దాటాడో లేదో, తన జవాబు తనకే వినబడింది. ఆ సాయంత్రమే కాపలా భటుల మీద అధికారమంతా అలీసు పుట్టింటివారికి అప్పగించాడు.

మూడోసారి కాకీ రాలేదు, వర్తకుడూ రాలేదు. అసలు గండం అదే.

ఉదయం ప్రార్థనకు వెళ్ళడానికి అలీసు రోజూ బురుజు మెట్లు దిగేది. ఆ పొద్దున తియెరీ కింద నుంచి ఎక్కుతూ, ఒక మెట్టు మీద దీపం నూనె ఒలికి ఉండటం చూశాడు. పై నుంచి ఆమె అడుగుల చప్పుడు వినబడింది. అతడు తుడవలేదు, పిలవలేదు. నూనెను చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

అడుగులు దగ్గరయ్యాయి.

"వదినా, ఆగండి," అన్నాడు.

మోకాళ్ళ మీద కూర్చుని తన పైబట్టతో ఆ మెట్టు తుడిచాడు. తర్వాత తల ఎత్తకుండానే చెప్పాడు. "ఈ నూనె నేను పోయలేదు. కానీ చూసి కూడా కాసేపు ఊరుకున్నాను. ఎందుకో మీకు తెలుసు. ఇదిగో బురుజు తాళంచెవి. లోపల తాళం వేసుకోండి. నేను వచ్చి బతిమాలినా తీయకండి."

అలీసు తాళంచెవి తీసుకుని, ఆ రోజు ప్రార్థన తన గదిలోనే చేసుకుంది.

ద్రాక్షలు కోతకు వచ్చిన వేళ కోట గంటలు మోగాయి. మగబిడ్డ పుట్టాడు.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. సామంతులు కొత్త డ్యూకు ముందు మోకరిల్లి, జోడించిన చేతులను ఆయన రెండు చేతుల మధ్య పెట్టాలి. నేను నీవాణ్ణి అని దానర్థం. అలీసు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని పీఠం మీద కూర్చుంది. అందరికన్నా ముందు తియెరీ మోకరిల్లాడు. ఆ చిట్టి చేతుల్లో అంత పెద్ద చేతులు ఎలా పడతాయి? బిడ్డ అతని బొటనవేలు మాత్రం పట్టుకున్నాడు, ఎంతకీ వదల్లేదు.

అప్పుడు అలీసు ఉంగరమూ తాళంచెవీ తీసి తియెరీకి ఇచ్చింది. బాబు పెద్దవాడయ్యేదాకా అవి అతని దగ్గరే ఉండాలంది.

తియెరీ వెనక్కి జరిగాడు. "నా సంగతి మీకు చెప్పాను కదా వదినా."

"చెప్పావు కాబట్టే ఇస్తున్నాను. మాకు ఏ ఆశా లేదని చెప్పినవాళ్ళు ఈ సభ నిండా ఉన్నారు."

సామంతులంతా వంతులవారీగా వచ్చి మొక్కుతూనే ఉన్నారు. తియెరీ అవి రెండూ అందుకుని, పీఠం కిందిమెట్టు మీద కూర్చుని, గోడకు తల ఆనించి, ఇన్నాళ్ళకు హాయిగా నిద్రపోయాడు. ఎవరూ లేపలేదు.

మనసులో దురాశ పుట్టడం తప్పు కాదు, దాని చేతికి తాళంచెవి ఇవ్వడమే తప్పు.