జొన్నచేలో పసిడికోళ్లు

అనగా అనగా, ఏడు కొండల వెనక ఒక రాజు ఉండేవాడు. ఏడు సముద్రాల అవతలి నుంచి పసిడికోళ్లు తెప్పించి తోటలో పెంచుకునేవాడు. ఒకసారి గాలివానకు వల చిరిగి, కోళ్లన్నీ ఎగిరిపోయి జొన్నచేలలో పడ్డాయి. రాజుగారిని మరిచిపోయి హాయిగా అక్కడే కాపురం పెట్టాయి.

ఆ రాజు కొడుకు జయకేతుకు పొరుగు రాజకుమారి మందారవల్లి అంటే ప్రాణం. ఆమె తనను పెళ్లాడనందని కరాళుడనే మాంత్రికుడు ఆమెను పసిడికోడిగా మార్చి ఆ మందలో వదిలేశాడు.

"పేరు పెట్టి పిలువు, మనిషవుతుంది. ఒక్కసారే సుమా! వేరే కోడిని పిలిచావో, ఇక ఎప్పటికీ కోడే" అని జయకేతుతో చెప్పి పకపకా నవ్వాడు.

జయకేతు వెళ్లి చేలో మంచె ఎక్కాడు. మొదటి నెల ఎర్రరొమ్ము కోడిని చూసి ఇదే అనుకున్నాడు. రెండో నెల పొడుగుతోక కోడి. మూడో నెల బంగారు జుట్టు కోడి. ప్రతిసారీ పిలవబోయి, భయమేసి ఆగిపోయాడు. బెంగతో అన్నం సయించలేదు. ఒక మట్టిరంగు కోడి మాటిమాటికీ మంచె కిందికి వస్తుంటే విసుగొచ్చి వడిసెలతో రాయి విసిరాడు. అది కుంటుకుంటూ పోయి, మళ్లీ వచ్చింది.

చేను కాపలా కాసే ముసలి సూరమ్మకు ఒళ్లు మండింది. "దాన్నెందుకు కొడతావయ్యా?"

"కోడిగా మారిన నా మందారవల్లిని వెతుక్కుంటున్నా అవ్వా. ఇది అడ్డమొస్తోంది."

"ఏ కోళ్లలో వెతుకుతున్నావు?"

"మెరిసేవాటిలో."

నవ్వకండి, మీరైనా అదే చేసేవారు!

"ఓరి నా తండ్రీ! ఇన్నేళ్లు పెంచారు, గుడ్లు పెట్టేదేదో ఒక్కనాడైనా చూశారా? మెరిసేవన్నీ పుంజులు. పెట్టలది మట్టిరంగే!"

జయకేతు మంచె అంచుకు వంగాడు. కిందికి చూశాడు. పెట్టలన్నీ తల వంచి గింజలు ఏరుకుంటున్నాయి. కుంటిపెట్ట ఒక్కటే మేత మాని, మెడ ఎత్తి అతన్నే చూస్తోంది.

"మందారవల్లీ!"

జొన్నల మధ్య మందారవల్లి నిలబడింది, మోకాలికి దెబ్బతో. మంత్రం విరగ్గానే, అక్కడ కొండమీద కరాళుడు గుప్పెడు బూడిదయ్యాడు.

"మూడు నెలలూ ఇక్కడే ఉన్నావా?" అంటూ జయకేతు ఏడ్చాడు.

"ఎక్కడికి పోతాను? రోజూ నీ కళ్లముందే తిరిగాను. నువ్వే నన్ను దాటి చూసేవాడివి."

పెళ్లి అంగరంగ వైభవంగా జరిగింది. జుట్టు నెరిసేదాకా రాజ్యమేలారు. సభలో ఎంత పని ఉన్నా, ఆమె అడుగుల అలికిడి కాగానే రాజు తల ఎత్తేవాడు. ఆమె వచ్చి కూర్చునేదాకా చూస్తూనే ఉండేవాడు.